ఖాతా ఆగిన రాత్రి చెవిన పడే సలహాలు

విజయవాడ వన్‌టౌన్‌లో, ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ కొట్టు పైన మా ఆఫీసు. చిన్న వ్యాపారులకు లెక్కలు రాయడం, జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. ఐదారేళ్లుగా దానికి ఇంకొకటి తోడైంది. రాత్రి పదిన్నర దాటాక ఫోన్ మోగుతుంది. “సార్, అకౌంట్ ఆపేశారు. డూప్లికేట్ అమ్మానంట. పేమెంట్ కూడా హోల్డ్‌లో పెట్టారు.” ఇంట్లో ఎవరికో సీరియస్‌గా ఉందని చెప్పేటప్పటి గొంతు అది. ఉన్న పెట్టుబడంతా సగం గోడౌన్లో సరుకుగా, సగం ప్లాట్‌ఫాం నుంచి రావాల్సిన బాకీగా ఇరుక్కుపోయి ఉంటుంది. ప్యాకింగ్ చేసే పిల్లలకు ఒకటో తారీఖున జీతాలివ్వాలి.

నాకు ఫోన్ చేసేసరికే ఆ మనిషి చెవిలో నాలుగైదు సలహాలు పడి ఉంటాయి. సాటి సెల్లర్ల వాట్సాప్ గ్రూపులో ఒకరు చెబుతారు. బావమరిది స్నేహితుడు ఒకడు చెబుతాడు. ‘అకౌంట్ తెరిపించి పెడతాం’ అని డబ్బు తీసుకునే ఏజెంటు ఇంకొకటి చెబుతాడు. వీళ్లలో చాలామందికి చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. అయినా నోటీసు వల్ల వచ్చిన నష్టాన్ని తట్టుకుని నిలబడినవాళ్లను నేను చూశాను. ఆ రాత్రి విన్న సలహా వల్ల వచ్చిన నష్టానికి వ్యాపారమే మూసుకున్నవాళ్లనూ చూశాను. అందుకే ఆ సలహాలను ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను, వినకండని చెప్పడానికి. అసలు సరుకు అమ్ముతూ ఇరుక్కున్నవాళ్ల కోసమే ఇది. తెలిసి నకిలీ అమ్మేవాళ్లకు నా దగ్గరున్నది ఒకటే మాట: మానేయండి.

ముందుగా ఒక సంగతి అర్థం కావాలి. ఫిర్యాదు రాగానే మిమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా లిస్టింగ్ ఎందుకు తీసేస్తారు? అమెరికాలో టిఫనీ అనే నగల కంపెనీ 2004లో ఈబే మీద దావా వేసింది. మా పేరుతో నకిలీ వెండి నగలు మీ సైట్‌లో అమ్ముడవుతున్నాయి, బాధ్యత మీదేనని దాని వాదన. 2010లో అప్పీలు కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. నకిలీలు ఎక్కడో ఉన్నాయని మొత్తం మీద తెలిస్తే సరిపోదు, ఫలానా లిస్టింగ్ నకిలీదని తెలిసి కూడా కొనసాగనిస్తేనే బాధ్యత అని తేల్చింది. తీర్పు ఈబేకి అనుకూలంగానే వచ్చింది. కానీ ఆ తర్వాత ప్రతి ప్లాట్‌ఫాంకూ ఒక లెక్క స్పష్టమైంది. ఫిర్యాదు చేతికందిన క్షణం నుంచి ‘మాకు తెలియదు’ అనే వీలు పోయినట్టే. కాబట్టి ముందు తీసేయడమే క్షేమం.

మన దగ్గరా అంతే. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 79 ప్లాట్‌ఫాంల వంటి మధ్యవర్తులకు రక్షణ ఇచ్చింది. 2018 నవంబరులో క్రిస్టియన్ లూబుటాన్ చెప్పుల కంపెనీ కేసులో ఢిల్లీ హైకోర్టు, అమ్మకంలో చురుగ్గా చెయ్యి పెట్టే ప్లాట్‌ఫాంకు ఆ రక్షణ దొరకదంది. 2020 జనవరిలో ఆమ్‌వే కేసులో అదే హైకోర్టు డివిజన్ బెంచి, చట్టంలో చురుకైన మధ్యవర్తి, చురుకు లేని మధ్యవర్తి అనే తేడా లేదంది. 2025 ఫిబ్రవరిలో బెవర్లీ హిల్స్ పోలో క్లబ్ గుర్తు విషయంలో అమెజాన్ గ్రూపు కంపెనీ సుమారు 339 కోట్ల రూపాయలు కట్టాలని ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పిచ్చారు. జులైలో డివిజన్ బెంచి దాన్ని నిలిపేసింది. అటూ ఇటూ ఊగే ఇంత పెద్ద అంకెలు కళ్లముందు ఉన్నప్పుడు, ఒక సెల్లర్‌ను ఆపితే ప్లాట్‌ఫాంకు పోయేది కాస్త కమీషన్. మీ అప్పీలు చదివే ఉద్యోగికి మీ నిజాయితీ మీద ఆసక్తి ఉండదు. ‘మేం పరిశీలించాం’ అని రేపు చెప్పుకోవడానికి పనికొచ్చే కాగితం కావాలి. ఇది గుర్తుంచుకుంటే కింది సలహాలన్నీ ఎందుకు తప్పో మీకే అర్థమవుతుంది.

“తప్పైపోయింది, ఇంకెప్పుడూ చేయనని రాసి పంపు”

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. తయారుగా ఉన్న క్షమాపణ పత్రాలు గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఏజెంట్లు డబ్బు తీసుకుని పేరు మార్చి ఇస్తారు. గుంటూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. గడ్డం ట్రిమ్మర్లు అమ్ముతాడు. సరుకంతా ఆ కంపెనీ డిస్ట్రిబ్యూటరు దగ్గర పక్కా బిల్లు మీద కొన్నదే. నోటీసు రాగానే కంగారుపడి ఏజెంటుకు మూడు వేలిచ్చాడు. “మా సరఫరాదారుడు మమ్మల్ని మోసం చేశాడు, నకిలీ సరుకును గుర్తించి గోడౌన్ నుంచి తొలగించాం, సిబ్బందికి శిక్షణ ఇచ్చాం” అని ఏజెంటు రాసి పంపాడు. ఒక్క ముక్క నిజం లేదు. తొమ్మిది రోజుల్లో అకౌంట్ తెరిచారు. కుర్రాడు స్వీట్లు పంచాడు. ఐదు నెలలకు మళ్లీ ఫిర్యాదు వచ్చింది. ఈసారి పక్కా బిల్లులన్నీ పెట్టాడు. “గతంలో నకిలీ సరుకు అమ్మినట్టు మీరే ఒప్పుకున్నారు” అని జవాబొచ్చింది, శాశ్వతంగా మూసేశారు. తన సరుకు అసలుదని చెప్పే బిల్లులు అతని దగ్గర మొదటి రోజు నుంచీ ఉన్నాయి. వాటికి విలువ లేకుండా చేసింది తను సంతకం పెట్టిన ఉత్తరమే.

చేయని తప్పు ఒప్పుకోకండి, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే. ఆ ఉత్తరం రేపు కోర్టులో కూడా మీకు ఎదురు నిలుస్తుంది. ఫలానా వస్తువు, ఫలానా తేదీన, ఫలానా జీఎస్టీ నంబరున్న వ్యాపారి దగ్గర, ఫలానా ఇన్‌వాయిస్ మీద కొన్నాను. ఇదిగో బ్యాంకు చెల్లింపు, ఇదిగో ట్రాన్స్‌పోర్ట్ రసీదు. అప్పీలు ఇంతే. అరపేజీ దాటక్కర్లేదు.

“బిల్లుదేముంది, చేయించేద్దాం”

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచివాళ్లు కూడా ఇక్కడే జారిపోతారు. తెనాలి నుంచి ఒకావిడ. ఇద్దరు ఆడపిల్లలు. భర్త పోయాక ఇంట్లోనే సౌందర్య సామగ్రి ప్యాక్ చేసి ఆన్‌లైన్లో అమ్ముతూ నిలదొక్కుకుంది. హైదరాబాద్ బేగంబజార్‌లో ఒక హోల్‌సేలర్ దగ్గర కొంటుంది. బిల్లు లేకుండా తీసుకుంటే డజనుకు కొంత తగ్గేది. తెల్ల చీటీ మీద అంకెలు రాసిచ్చేవాడు. సరుకు అసలుదే, నాకు ఆ నమ్మకం ఉంది. నోటీసు వచ్చింది, 365 రోజుల ఇన్‌వాయిస్‌లు అడిగారు. “మేడం, పీడీఎఫ్‌లో పేరు, తేదీ మార్చి ఇస్తాను, గంట పని” అని ఒకడు తయారయ్యాడు. ఆవిడ ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, “అన్నయ్యా, ఇది తప్పేనా? సరుకు అసలుదే కదా, కాగితం ఒక్కటే కదా లేనిది” అంది.

ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఆ కాగితాన్ని పట్టుకోవడానికి నిమిషం చాలు. జీఎస్టీ పోర్టల్‌లో ఏ నంబరు ఎవరిదో, ఇంకా నడుస్తోందో రద్దయిందో ఎవరైనా చూడొచ్చు. ఏడాదికి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారి 2023 ఆగస్టు 1 నుంచి ఇంకో వ్యాపారికి ఈ-ఇన్‌వాయిసే ఇవ్వాలి, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. పెద్ద డిస్ట్రిబ్యూటరు పేరుతో ఉన్న బిల్లు మీద ఆ కోడ్ లేకపోతే మిగతాది చదవనక్కర్లేదు. సరఫరాదారు నంబరుకు ప్లాట్‌ఫాంవాళ్లు ఫోన్ కూడా చేస్తారు. ఇక ప్రభుత్వం వైపు: మీకు అమ్మినవాడు తన రిటర్నులో ఎక్కించిన బిల్లే మీ జీఎస్టీఆర్-2బిలో కనబడుతుంది. మీ ప్రతి అమ్మకం మీద ప్లాట్‌ఫాం టీసీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి లెక్క చెబుతుంది. 2024 జులై నుంచి అది అర శాతం. అంటే మీరెంత అమ్మారో ప్రభుత్వం దగ్గర ముందే ఉంది. కొన్నదాని జాడ లేకుండా అమ్మకం ఉంటే అడిగేది ప్లాట్‌ఫాం ఒక్కటే కాదు.

ఆ దొంగ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ కూడా తీసుకుంటే జీఎస్టీ చట్టం సెక్షన్ 122 కింద పదివేలో, పన్ను మొత్తమో, ఏది ఎక్కువైతే అది జరిమానా. మోసం కోసం పత్రం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. దాన్ని నిజమైనదిగా వాడినా అదే శిక్ష. అంతకుముందు దాకా మీది బిల్లు దాచుకోలేదన్న అజాగ్రత్త ఒక్కటే. ఆ పీడీఎఫ్ అప్‌లోడ్ చేసిన క్షణం నుంచి ఫోర్జరీ.

మరి ఆవిడ ఏం చేసింది? ఉన్నదాన్నే చూపించింది. హోల్‌సేలర్‌కు ఫోన్‌పేలో కట్టిన డబ్బుల వివరాలు తేదీలవారీగా తీశాం. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పార్శిల్ రసీదుల నకళ్లు దొరికాయి. వాట్సాప్‌లో ఆమె పెట్టిన ఆర్డర్లు, అతను పంపిన సరుకు ఫొటోలు అన్నీ ఉన్నాయి. ప్యాకెట్ల మీది బ్యాచ్ నంబర్లు రాసి, “ఈ బ్యాచ్‌లు మీవేనా?” అని బ్రాండ్‌కే మెయిల్ పెట్టించాను. నెలన్నర పట్టింది. ఆ బ్రాండ్ లిస్టింగులు మళ్లీ ఇవ్వలేదు. అకౌంట్ మాత్రం తెరిచారు, మిగతా సరుకు అమ్ముకుంటోంది, ఆగిన డబ్బు వచ్చింది. పూర్తి గెలుపని చెప్పను. కానీ ఆవిడ ఈ రోజు ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు.

తక్కువకు వస్తుందని తెల్ల చీటీ మీద కొన్న ప్రతి డజనూ అప్పు కిందే లెక్క. నోటీసు వచ్చిన రోజున ఆ అప్పు వడ్డీతో సహా తీర్చాలి. ఇంకొకటి: జీఎస్టీ చట్టం ప్రకారం పుస్తకాలు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. ‘ఏడాది దాటింది, పారేశాం’ అనేవాళ్లు వారానికొకరు కనబడుతుంటారు నాకు.

“ఫస్ట్ కాపీ అని ముందే రాసేస్తే కేసు ఉండదు”

ఉంటుంది. కొనేవాడికి నిజం చెప్పినంత మాత్రాన గుర్తు యజమాని హక్కు మాయమైపోదు. వేరేవాళ్ల గుర్తు అతికించిన సరుకును అమ్మడం ట్రేడ్‌మార్కుల చట్టం 1999 సెక్షన్ 104 కింద నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. పైగా ‘ఫస్ట్ కాపీ’, ‘మాస్టర్ కాపీ’ అని మీరే రాసుకుంటే, తెలియక అమ్మానని చెప్పుకునే దారి మీ చేత్తో మీరే మూసుకున్నట్టు.

ఇక్కడ ఒక తేడా మాత్రం తెలిసి ఉండాలి. మా ఊరి ఆటోనగర్‌లో బండ్ల విడిభాగాలు తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు వేలమంది. ఫలానా కంపెనీ బండికి సరిపోయే బ్రేక్ షూ అని చెప్పకుండా వాళ్లు వ్యాపారం ఎలా చేస్తారు? దానికి చట్టమే చోటిచ్చింది. సెక్షన్ 30 ప్రకారం, విడిభాగమో అనుబంధ వస్తువో దేనికి పనికొస్తుందో చెప్పడానికి అవసరమైనంత మేరకు, మోసపుచ్చని పద్ధతిలో, ఆ పేరు వాడొచ్చు. సొంత పేరు పెద్దగా రాసి, ‘ఫలానా మోడల్‌కు సరిపోతుంది’ అని కింద రాస్తే అది న్యాయమైన వాడకం. డబ్బా మీద ఆ కంపెనీ లోగో ముద్రిస్తే నకిలీ. మొబైల్ కవర్లు, చార్జర్లు అమ్మేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. టైటిల్ మొదట్లో పెద్ద కంపెనీ పేరు పెట్టి, సొంత పేరు చివర్లో ఇరికించేవాళ్లకే ఎక్కువ నోటీసులు రావడం చూస్తున్నాను.

మన నేతవాళ్లకు జరిగే అన్యాయం కూడా ఇక్కడే చెప్పాలి. మిల్లులో అద్దిన పాలిస్టర్ చీరకు ‘పోచంపల్లి చీర’ అని పేరు పెట్టి నాలుగొందలకు అమ్మే లిస్టింగులు ఎన్ని చూశానో లెక్కలేదు. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. నూలును కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి నేసేదానికి ఆ పేరు. అబద్ధంగా ఆ పేరు వాడటానికి కూడా ఆరు నెలల నుంచి మూడేళ్ల శిక్ష ఉందని ఆ సెల్లర్లలో చాలామందికి తెలియదు. ‘పోచంపల్లి డిజైన్’ అని రాస్తే తప్పించుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఒక మగ్గం మీద నెల రోజుల కష్టాన్ని ఒక్క మాటతో దొంగిలించడం అది. నేను అలాంటివాళ్ల అప్పీలు రాయను.

“బ్రాండ్ అనుమతి లేకుండా అమ్మడమే నేరం, సర్దుకుపో”

ఈ సలహా పిరికితనం నేర్పుతుంది, పైగా తప్పు. నకిలీ సరుకు అమ్మడం ఒకటి, అసలు సరుకును బ్రాండ్ అనుమతి లేకుండా అమ్మడం ఇంకొకటి. రెండోదాన్ని మొదటిదిగా చూపించి ఫిర్యాదు పెట్టే బ్రాండ్లు ఉన్నాయి, తమ ధర పడిపోతోందని. సెక్షన్ 30లోనే, ఒకసారి న్యాయంగా మార్కెట్లోకి వచ్చిన సరుకును కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చని ఉంది. సరుకు స్థితి మారినా, పాడైనా మాత్రం యజమాని అడ్డు చెప్పొచ్చు. 2012 అక్టోబరులో కపిల్ వాధ్వా కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి విదేశాల నుంచి తెప్పించిన అసలు శాంసంగ్ ప్రింటర్లను అమ్ముకోనిచ్చింది. కాకపోతే ఇది దిగుమతి సరుకు, కంపెనీ వారంటీ వర్తించదని కొట్లో స్పష్టంగా బోర్డు పెట్టమంది. ఆమ్‌వే కేసులోనూ, కంపెనీ తన డీలర్లతో రాసుకున్న నిబంధనలు బయటి సెల్లర్లను కట్టేయవని తేలింది.

అయితే చట్టంలో హక్కు ఉన్నా, ప్లాట్‌ఫాంతో మీరు టిక్కు పెట్టి ఒప్పుకున్న ఒప్పందం వేరే. కొన్ని బ్రాండ్లకు అనుమతి పత్రం అడిగే అధికారం అందులో ఉంటుంది. ‘కోర్టు ఆర్డర్ లేకుండా లిస్టింగ్ తీయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది’ అని ఒక న్యాయవాది నాతో వాదించారు. 2015లో శ్రేయా సింఘాల్ తీర్పు చెప్పింది కోర్టు ఉత్తర్వు దాకా మధ్యవర్తి రక్షణ పోదని. తనంతట తాను తీసేయకూడదని ఎక్కడా చెప్పలేదు. అందుకని మీ జవాబులో ఒకే ప్రశ్న వేయండి: ఫిర్యాదు సరుకు నకిలీ అనా, అనుమతి లేదనా? నకిలీ అంటే, ఏ యూనిట్‌ను పరీక్షించి తేల్చారు? టెస్ట్ కొనుగోలు ఆర్డర్ నంబరు ఎంత? జవాబు లేకపోతే ఆ మౌనం మీ ఫైల్లో ఉండాల్సిన సాక్ష్యం.

“రిటర్న్ ప్యాకెట్ సీలు బాగుంటే మళ్లీ పంపేయ్”

నిజాయితీగా అమ్మేవాడు నకిలీ కేసులో ఇరుక్కోవడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే. అసలు వస్తువు కొని, అందులోంచి తీసుకుని, నకిలీది పెట్టి తిప్పి పంపే కొనుగోలుదారులు ఉన్నారు. సాయంత్రం పికప్ హడావుడిలో కుర్రాడు ఆ డబ్బాను మళ్లీ ర్యాకులో పెడతాడు. తర్వాత కొన్నవారికి నకిలీ వెళుతుంది. ఆ రోజు మీరు నిజంగానే నకిలీ అమ్మినట్టు. రిటర్న్ వచ్చిన ప్రతి డబ్బానూ కెమెరా ముందు తెరవండి. సీరియల్ నంబరు, బరువు పోల్చండి. అనుమానం ఉన్నదాన్ని వేరే పెట్టెలో వేసి ఎర్ర టేపు అంటించండి, ఎంత ఖరీదైనా మళ్లీ అమ్మకండి. గంటకు పది డబ్బాలు చూడగలిగే ఒక మనిషి జీతం ఒక్క నోటీసు ఖర్చుకు సరిపోదు.

“కన్స్యూమర్ కోర్టుకు లాగుదాం, 5 కోట్ల పరువునష్టం వేద్దాం”

కోపంలో బాగానే ఉంటుంది. వినియోగదారుల చట్టం 2019 వాణిజ్య అవసరానికి సేవ తీసుకున్నవాడిని వినియోగదారుగా లెక్కించదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవాళ్లకు మినహాయింపు ఉంది కానీ, గోడౌన్, సిబ్బంది ఉన్నవాళ్లకు దాని మీద నిలబడటం కష్టం. ఈ-కామర్స్ నియమాలు 2020లో 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలని ఉన్నది కూడా కొనుగోలుదారుల కోసమే. సెల్లర్‌కు ఆ నియమాల్లో పనికొచ్చేది ఇంకొకటి: ఒకే రకం సెల్లర్లలో కొందరిని వేరుగా చూస్తే ఆ సంగతి నిబంధనల్లో చెప్పాలి.

మీ గొడవకు చోటు మీ ఒప్పందంలోనే రాసి ఉంటుంది, చాలావరకు ఆర్బిట్రేషన్. ఏ ఊళ్లో, ఎన్ని రోజుల్లో అన్నది ముందు చదవండి. ఆర్బిట్రేటర్‌ను కంపెనీ ఒక్కటే నియమిస్తుందని ఉంటే భయపడకండి; గొడవలో ఉన్న పార్టీ తనంతట తాను ఏకైక ఆర్బిట్రేటర్‌ను పెట్టకూడదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆగిన డబ్బు కోసం అయితే ఎంత, ఏ తేదీ నుంచి, ఏ నిబంధన కింద ఆపారని రాతపూర్వకంగా అడగడంతో మొదలుపెట్టండి. దావాకు వెళ్లాల్సి వస్తే, 3 లక్షలు, ఆపై విలువైన వాణిజ్య వివాదంలో అత్యవసర ఉత్తర్వు కోరని పక్షంలో ముందు మధ్యవర్తిత్వానికి (మీడియేషన్) వెళ్లడం తప్పనిసరి.

అసలు చాలాసార్లు ప్రత్యర్థి ప్లాట్‌ఫాం కానే కాదు, ఫిర్యాదు పెట్టినవాడు. ఆధారం లేకుండా ట్రేడ్‌మార్కు దావా వేస్తామని బెదిరిస్తే, ఆ బెదిరింపు ఆపమని, నష్టపరిహారం ఇవ్వమని దావా వేసే హక్కు ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 142 ఇచ్చింది. రిజిస్టరు చేసుకున్న యజమాని వెంటనే ఉల్లంఘన దావా వేస్తే అది పనిచేయదు. ఇన్నేళ్లలో నన్ను ఈ సెక్షన్ గురించి అడిగిన సెల్లర్ ఒక్కరే. తెలియకనే వదులుకుంటున్నారు.

ఫిర్యాదుదారు బ్రాండ్ కాకుండా పోటీ సెల్లర్ అయితే, ‘డబ్బిచ్చి వెనక్కి తీయించు’ అంటారు. ఇవ్వకండి. ఒకసారి ఇచ్చినవాడి పేరు రాసి పెట్టుకుంటారు. ఆ మెసేజీలు దాచి పోలీసులకు ఇవ్వండి. మీకే సొంత పేరుంటే రిజిస్టరు చేయించండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక తరగతికి 4,500 రూపాయలు. వేరే సెల్లర్లు మీ లిస్టింగ్‌కు తగిలించుకుని అమ్మడాన్ని 2022లో ఆకాశ్ అగర్వాల్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు, ఫ్లిప్‌కార్ట్‌లో దాన్ని ఆపించింది.

భార్య పేరుతోనో, తమ్ముడి పేరుతోనో కొత్త అకౌంట్ తెరవమనే సలహా గురించి రెండు మాటలు చాలు. బ్యాంకు, పికప్ చిరునామా, ఫోన్, ల్యాప్‌టాప్ ఏదో ఒకటి కలుస్తుంది. ఆ రోజు తమ్ముడి అకౌంట్ కూడా పోతుంది, మీ అప్పీలు విలువా పోతుంది. తనిఖీకి వస్తున్నారని సరుకు వెనక గోడౌన్‌కు తరలించమనేది కూడా అంతే. నేరుగా వెతికి స్వాధీనం చేసుకునే అధికారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికే ఉంది, అదీ ట్రేడ్‌మార్కు రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకున్నాకే. కోర్టు పంపిన కమిషనర్ వస్తే ఉత్తర్వు అడిగి చదవండి, సహకరించండి, పంచనామా నకలు తీసుకోండి.

“అమెరికా కోర్టు మనల్నేం చేస్తుంది, ఊరుకో”

డాలస్, న్యూజెర్సీల్లో ఉంటూ అక్కడి సైట్లలో అమ్మే మనవాళ్లకూ, ఇక్కడి నుంచి ఎగుమతి చేసేవాళ్లకూ ఈ సలహా వెళుతోంది. షికాగో ఫెడరల్ కోర్టులో ‘షెడ్యూల్ ఎ’ కేసులు అనే పద్ధతి ఉంది. బ్రాండ్ ఒకే దావాలో పదుల, వందల ఆన్‌లైన్ సెల్లర్ల పేర్లను ఒక జాబితాగా జతచేస్తుంది. జాబితా మొదట రహస్యంగా ఉంటుంది. సెల్లర్‌కు కబురందేలోపే అతని అకౌంట్‌లో డబ్బు స్తంభించిపోతుంది. జవాబివ్వకపోతే ఏకపక్ష తీర్పు వస్తుంది. అమెరికా చట్టం ఒక్కో గుర్తుకు వెయ్యి నుంచి 2 లక్షల డాలర్ల దాకా, కావాలని చేసినట్టయితే 20 లక్షల దాకా పరిహారం అనుమతిస్తుంది. స్తంభించిన మీ డబ్బు నుంచే అది వసూలవుతుంది. ఊరుకున్నవాళ్లు పోగొట్టుకునేది ఇలాగే. నిలబడినవాళ్లకు మాత్రం వినే జడ్జీలు ఉన్నారు. 2025 ఆగస్టులో, రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారుచేసే ఐషర్ మోటార్స్ వేసిన అలాంటి దావాలోనే, జడ్జి జాన్ నెస్ ఈ పద్ధతి కొనసాగడం సరికాదన్నారు. అమెరికా అమెజాన్ గోదాముల్లో ఒకే బార్‌కోడ్ ఉన్న వేర్వేరు సెల్లర్ల సరుకును కలిపి ఉంచే పద్ధతి చాలా ఏళ్లు సాగింది, పక్కవాడి నకిలీ మీ పేరు మీద వెళ్లే ప్రమాదం అక్కడ ఉండేది. అలాంటిది జరిగి ఉంటే అది చెప్పుకోవాల్సింది గడువులోపు, అక్కడి న్యాయవాది ద్వారా.

చివరగా మన చట్టం దగ్గరికే వద్దాం. ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 104లో శిక్షతో పాటు ఒక తలుపు కూడా ఉంది. తగిన జాగ్రత్తలు తీసుకున్నానని, అనుమానించే కారణం లేకపోయిందని, అడగ్గానే సరుకు ఎవరి దగ్గర కొన్నానో పూర్తిగా చెప్పానని రుజువు చేసుకునే అవకాశం అమ్మినవాడికి చట్టం ఇచ్చింది. ఆ తలుపు తెరిచేది కొన్న రోజు బిల్లే. ఈ రాత్రి కొట్టు కట్టేసేముందు, మీ దగ్గర బాగా అమ్ముడయ్యే పది వస్తువుల కొనుగోలు బిల్లులు తీసి బల్ల మీద పెట్టండి. ఏ వస్తువుకు బిల్లు లేదో ఆ లిస్టింగ్‌ను రేపు పొద్దున్నే ఆపేయండి.